పాలబండి ఖర్చు – లీటరు లెక్క



ఖమ్మం నుండి కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు సాగేకొద్దీ అడవి చిక్కబడుతుంది, ఊళ్ళ మధ్య దూరం పెరుగుతుంది. కొన్ని ఊళ్ళలో దొరికే పాలు కొద్ది. కాని బండి మాత్రం అన్ని ఊళ్ళకూ పోవాలి. ఆ ఖర్చు చివరకు పడేది మన పాల ధర మీదనే. కనుక దాని లెక్క సభ్యులందరికీ తెలిసి ఉండాలి.

బండి ఖర్చు రెండు విధాలు:

నిలకడ ఖర్చు: ఛాసిస్ కొన్న అప్పు వాయిదా, బీమా, పన్ను, డ్రైవరు జీతం. బండి కదలకపోయినా ఇవి తప్పవు.

నడక ఖర్చు: డీజిలు, టైర్లు, ఆయిలు, మరమ్మతులు. ఇవి తిరిగిన దూరాన్ని బట్టి పెరుగుతాయి.

ఓడరేవుల్లో కంటైనర్లు మోసేవారికి ఈ తేడా బాగా తెలుసు. అక్కడ పెట్టె వేరు, దానిని మోసే ఛాసిస్ వేరు. పెట్టె దించడం ఆలస్యమైతే ఛాసిస్ దాని కిందనే చిక్కుబడి, రోజు అద్దె పెరుగుతుంది. క్యాన్లు సిద్ధంగా లేక మన కేంద్రం ముందు బండి ఆగినా జరిగేది అదే.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే. రోజుకు నిలకడ ఖర్చు 1,000 రూపాయలు. 60 కిలోమీటర్లకు, కిలోమీటరుకు 10 రూపాయల చొప్పున నడక ఖర్చు 600. మొత్తం 1,600. బండిలో 40 లీటర్ల క్యాన్లు 20 నిండితే 800 లీటర్లు. లీటరుకు 2 రూపాయలు. పదే నిండితే లీటరుకు 4 రూపాయలు. ఆ సగం బండికి దారి 10 కిలోమీటర్లు తగ్గించినా మిగిలేది లీటరుకు 25 పైసలే. దారి కుదించడం మంచిదే, కాని బండి నింపడం అంతకంటే ముఖ్యం.

వానాకాలం సంగతి కూడా మరువరాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. అటువంటి రోజుల్లో పాలు రావు, నిలకడ ఖర్చు మాత్రం ఆగదు. దానికి ముందుగానే కొంత సొమ్ము విడిగా ఉంచుకోవాలి.

సంఘాలు చేయవలసిన పనులు:

1. బండి వచ్చే వేళకు కొలత, వెన్న పరీక్ష ముగించి క్యాన్లు సిద్ధం చేయాలి.

2. దగ్గరి చిన్న ఊళ్ళ పాలను ఒకచోట చేర్చాలి. 4 డిగ్రీలకు చల్లబరిచే యూనిట్ ఉంటే రెండు పూటల పాలు ఒకే ట్రిప్పులో పంపవచ్చు.

3. తిరుగు ప్రయాణంలో ఖాళీ క్యాన్లతోపాటు దాణా బస్తాలు తెప్పించుకోవాలి. ఎరువులు, పురుగుమందులు పాలబండిలో ఎక్కించరాదు.

4. మోతాదు మించి ఎక్కించరాదు. 40 లీటర్ల పాలే సుమారు 41 కిలోలు, క్యాను బరువు అదనం. గుంతల దారిలో అధిక బరువుకు కమాను పట్టీలు విరుగుతాయి, టైర్లు అరుగుతాయి.

5. బండి వచ్చిన వేళ, ఆగిన నిమిషాలు, ఎక్కించిన లీటర్లు రోజూ పుస్తకంలో రాయాలి.

నెలాఖరున మొత్తం రవాణా ఖర్చును మొత్తం లీటర్లతో భాగించి, వచ్చిన అంకెను కేంద్రం గోడమీద రాయండి. అది ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో సంఘ సమావేశంలో చర్చించండి. అక్కడ మిగిలిన ప్రతి పైసా మన పాల ధరకు కలుస్తుంది.