బోరు నీళ్ళ ఉప్పు కొలిచే మీటరు మనమే చేసుకుందాం

తోళ్ళ ఫ్యాక్టరీల నీళ్ళు చేరి పాలారు పక్క బావులు చెడిన సంగతి 1996లో సుప్రీం కోర్టు తీర్పు దాకా పోయింది. మన మల్బరీకి పారే నీళ్ళల్లో ఉప్పు ఎంతో నాలుక చెప్పలేదు, ఈసీ మీటరు చెప్తుంది.

కావలసినవి: ఆర్డుయినో బోర్డు, 1 కిలో ఓం రెసిస్టరు, రెండు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు. స్క్రూలను ప్లాస్టిక్ మూతకు 1 సెం.మీ. ఎడంగా బిగించాలి, ఎడం మారితే లెక్కా మారుతుంది. రెసిస్టరు ఒక కొస ఒక పిన్నుకు, రెండో కొస మొదటి స్క్రూకు, రెండో స్క్రూ ఇంకో పిన్నుకు కలపాలి. రెసిస్టరు, స్క్రూ కలిసే చోట వోల్టేజీ చదవాలి. ఉప్పు పెరిగే కొద్దీ కరెంటు ఎక్కువ పారుతుంది. ఒకే వైపు పారితే స్క్రూల మీద బుడగలు కట్టి రీడింగు తప్పుతుంది. అందుకే ప్లస్సు, మైనస్సు వెంటవెంటనే మారేటట్టు ప్రోగ్రాం పెడతాం.

సరిచూసేదానికి లీటరు డిస్టిల్డ్ వాటరులో 0.746 గ్రాముల శుద్ధమైన పొటాషియం క్లోరైడు కలపాలి. బంగారు అంగడి త్రాసులో తూచుకోవచ్చు. 25 డిగ్రీల దగ్గర అది 1.41 డెసీసీమెన్స్. ఆ అంకె వచ్చేటట్టు ప్రోగ్రాం సర్దాలి. వేడి ఒక డిగ్రీ పెరిగితే రీడింగు సుమారు 2 శాతం పెరుగుతుంది, తీసేసి చూడాలి.

0.7 లోపైతే బెంగ లేదు. 3 దాటితే ఆ నీళ్ళు తోటకు కట్టకముందే ల్యాబులో చూపిద్దాం.