అక్షరాల కూర్పు – గణకయంత్రం

గ్రంథం చేతికి రాగానే మన దృష్టి మొదట అక్షరాల పొందికపై పడుతుంది. విషయం ఎంత గొప్పదైనా కూర్పు సరిగా లేనిచో చదువరికి విసుగు కలుగుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్‌కు ఈ సత్యం స్వానుభవంలోనే తెలిసింది. 1977లో తన గ్రంథపు రెండవ సంపుటం నూతన ముద్రణకు వచ్చిన అచ్చుప్రతులను చూసి ఆయన నిరాశ చెందాడు. పూర్వపు సీసపు అక్షరాల అందం వాటిలో లేదు. అయినా ఆయన ఊరకుండక, తానే ఒక కూర్పు విధానాన్ని నిర్మించాడు. అదే ‘టెక్’. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దాని ఆధారంగా ‘లాటెక్’ను రూపొందించి, సామాన్య రచయితలకు సులభం చేశాడు.

పూలు ఏరి ఇవ్వడం ఒకరి పని, మాల కట్టడం మరొకరి పని. లాటెక్‌లోనూ అంతే. రచయిత టెక్స్ట్ ఎడిటర్‌లో విషయాన్ని వ్రాసి, ఇది శీర్షిక, ఇది సమీకరణం అని ఆదేశాలతో సూచిస్తాడు. ఆ ఫైలును కంపైల్ చేయగా యంత్రం పుటలు కూర్చి పీడీఎఫ్‌గా అందిస్తుంది.

ఇందుకు ముందుగా ‘టెక్ లైవ్’ను, తరువాత ‘టెక్‌స్టూడియో’ వంటి ఎడిటర్‌ను గణకయంత్రంలో స్థాపించుకోవాలి. రెండూ ఉచితమే. ఈ ఎడిటర్ మొదట ‘పీడీఎఫ్‌లాటెక్’ను వాడుతుంది. అది ఆంగ్లానికి చాలును గాని తెలుగు గుణింతాలకు, ఒత్తులకు తగదు. కనుక ఆప్షన్స్‌లోని బిల్డ్ విభాగంలో ‘జీలాటెక్’ను ఎంచుకోవాలి. ఫైలు యూటీఎఫ్-8 సంకేతంలో ఉన్నదో లేదో సరిచూడాలి. పత్రం ఆరంభంలో ‘ఫాంట్‌స్పెక్’ను పిలిచి, నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంటును, లిపి తెలుగు అని పేర్కొనాలి. లిపిని తెలుపకున్న ‘స్త్రీ’ వంటి సంయుక్తాక్షరాలు విడిపోయి కనిపించవచ్చు.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. తెలుగు ఫాంటును అసలే పేర్కొనకున్నా కంపైలింగ్ సాధారణంగా ఆగదు, పీడీఎఫ్ సిద్ధమవుతుంది. కాని అందులో తెలుగు అక్షరాలు ఉండవు! అక్షరం లభించలేదన్న హెచ్చరిక లాగ్ ఫైలులో మాత్రం నమోదవుతుంది. దానిని చూడక, పుటలు తిప్పక ప్రాజెక్టు సమర్పించిన విద్యార్థి శ్రమ ఏమగును? యంత్రం పని ముగించినంత మాత్రాన మన బాధ్యత తీరదు.

దోషాలు పెక్కు కనిపించినప్పుడు కలవరపడరాదు. మొదటి దోషాన్ని, దాని పంక్తి సంఖ్యను చూసి సరిదిద్దితే తక్కినవి తరచుగా వాటంతట అవే తొలగుతాయి. విషయసూచిక ఉన్నచో రెండు మార్లు కంపైల్ చేయాలి. మొదటి మారు యంత్రం పుటసంఖ్యలను వ్రాసుకొంటుంది, రెండవ మారు వాటిని సూచికలో చేరుస్తుంది.

ఉపకరణం ఎంత నేర్పుగలదైనా ఒప్పుదప్పులు చూడవలసిన కన్ను మనదే. తన అక్షరాన్ని తానే గౌరవించుకొన్న రచయితను చదువరి గౌరవిస్తాడు.

ప్రశ్నలు
1. క్నూత్ ‘టెక్’ను నిర్మించడానికి కారణమేమి?
2. తెలుగు రచనకు ఎడిటర్‌లో చేయవలసిన మార్పులను వివరించండి.
3. ‘యంత్రం పని ముగించినంత మాత్రాన మన బాధ్యత తీరదు’ – సమర్థించండి.