బొబ్బెర మేత: గడ్డికి కొంత, విత్తనానికి కొంత



ఎండకాలంలో మన బర్రె పాలు ఎందుకు తగ్గుతాయి? ఎండ ఒక్కటే కారణం కాదు. మేతలో బలం ఉండదు. మన మంథని దిక్కు వరి ఎక్కువ. బర్రెకు వరిగడ్డే వేస్తాం. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. పూత మీద కోసి ఎండబెట్టిన బొబ్బెర మేతలో 15 పాళ్ల దాకా ఉంటాయి. బొబ్బెర్లనే పుస్తకాల్లో అలసందలు అని రాస్తారు. రెండూ ఒకటే.

నీళ్లు ఉన్నవాళ్లు సంక్రాంతి దాటినంక 20 గుంటల్లో బొబ్బెర వేయవచ్చు. 7, 8 కిలోల విత్తనం కావాలె. కోతకు వచ్చేసరికి ఎండలు ఉంటాయి. మేత బాగా ఎండుతుంది.

ఎప్పుడు కోయాలె? 50, 60 రోజులకు సగం చెట్లు పూతకు వస్తాయి. అప్పుడే కోయాలె. "కాయలు కూడా తెంపుకొని, తర్వాత కోద్దాం" అని చాలామంది అనుకుంటారు. అప్పటికి ఆకు రాలుతుంది, కాడ ముదురుతుంది. బలమంతా ఆకులోనే ఉంటుంది. ఒకే చెట్టు నుంచి మంచి మేత, మంచి విత్తనం రెండూ రావు. అందుకే 17 గుంటలు మేతకు కోయండి. 3 గుంటలు విత్తనానికి విడిచిపెట్టండి.

మంచు ఆరినంక కోసి పలుచగా పరవండి. మర్నాడు పొద్దున్నే, ఆకు కొంచెం మెత్తగా ఉన్నప్పుడే తిరగేయండి. మిట్టమధ్యాహ్నం తిరగేస్తే ఆకంతా పొడి అయి నేలపాలవుతుంది. తర్వాత చిన్న కట్టలు కట్టి నీడకు నిలబెట్టండి. కాడను మెలిపెడితే తడి తగలకుండా పటుక్కున విరగాలె. నూరు కిలోల పచ్చిమేత ఎండితే సుమారు 20 కిలోలు అవుతుంది. ఇంతేనా అని దిగులు పడొద్దు, పోయింది నీళ్లే. తడి ఉండగా వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. బూజు మేత పశువుకు పెట్టొద్దు. కింద కట్టెలు పరిచి వామి వేయండి. రోజూ రెండు, మూడు కిలోలు వరిగడ్డిలో కలిపి పెట్టండి.

ఇక విత్తనపు 3 గుంటలు. ఆకు మీద పసుపు పచ్చ మచ్చలు, ముడతలు ఉన్న చెట్లను పూతకు ముందే పీకేయండి. ఆ తెగులు విత్తనంలో కూడా పోతుంది. కాయలు ఒక్కసారి పండవు. ఎండిన కాయలను రెండు, మూడు సార్లు ఏరాలె. గింజలు బాగా ఎండినంక కిలోకు ఒక చెంచా మంచినూనె రాసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి. పుచ్చు పురుగు తగ్గుతుంది. డబ్బా మీద మీ చేతితో "బొబ్బెర విత్తనం" అని, తేదీ రాయండి. లేకుంటే కూరకు వండేస్తారు!

కొనుక్కునుడే సులువు అంటారు కొందరు. నాకు అట్ల అనిపించదు. బొబ్బెర విత్తనం ఏటా కొనాల్సిన పని లేదు. మన గింజ వేస్తే అదే రకం వస్తుంది.

విత్తే ముందు 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో చుట్టండి. నాలుగైదు రోజులకు విప్పి మొలకలు లెక్కపెట్టండి. 85 మొలిస్తే విత్తనం మంచిది. 60 మొలిస్తే ఇంకో సగం ఎక్కువ వేయాలె. 8 కిలోలకు బదులు 12 కిలోలు.