పాఠం 7: మిమ్మల్ని మీరు తెలుసుకోండి, తగిన లక్ష్యం ఎంచుకోండి

7.1 పరిచయం
పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పెద్ద రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం వెళ్ళి అక్కడ స్థిరపడ్డాయి. ట్రాఫిక్ ఆ పట్టణంలోని ఒక పేట. అక్కడ ఉండే ఒక యువకుణ్ణి ఊహించుకోండి. వయసు 19. పదవ తరగతి మధ్యలో మానేశాడు. తండ్రికి వర్క్‌షాపులో ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఆ తరువాత క్వార్టర్ ఖాళీ చేయాలి. "రైలు నడిపే ఉద్యోగం సంపాదించరా" అని తండ్రి కోరిక. కాని కళ్ళద్దాలు లేనిదే కొడుక్కి దూరపు అక్షరాలు కనబడవు. పాడైన ఫ్యాన్లు, మిక్సీలు మాత్రం చక్కగా బాగుచేస్తాడు. ఇతడు ఏ లక్ష్యం పెట్టుకోవాలి?

7.2 ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మీ ఇష్టాలను, నేర్పును, పరిమితులను గుర్తించగలుగుతారు;
- వాటికి తగిన లక్ష్యాన్ని, గడువుతో సహా రాసుకోగలుగుతారు.

7.3 నాలుగు ప్రశ్నలు
(అ) నాకు ఏది ఇష్టం?
(ఆ) నేను ఏది బాగా చేయగలను? దానికి రుజువు ఏమిటి?
(ఇ) నా ఆరోగ్యం ఆ పనికి సరిపోతుందా?
(ఈ) నా ఇల్లు ఎంతకాలం ఆగగలదు?

మన యువకుడి విషయం చూద్దాం. అసిస్టెంట్ లోకో పైలట్‌కు కళ్ళద్దాలు లేకుండా రెండు కళ్ళకూ 6/6 చూపు ఉండాలి. కాబట్టి ఆ దారి అతనికి లేదు. ఇది అతని తప్పు కాదు. ముందే తెలుసుకొంటే విలువైన సంవత్సరాలు మిగులుతాయి.

అతని నేర్పుకు సరిపోయే దారి మరొకటి ఉంది. రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరడానికి పదవ తరగతిలో 50 శాతం మార్కులు, ఐటీఐ సర్టిఫికెట్ కావాలి. వయసు 15 నుంచి 24 లోపు ఉండాలి. ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతికి ఒక సంవత్సరం, ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సుకు 2 సంవత్సరాలు పడుతుందనుకొంటే, అతనికి 22 ఏళ్ళు వస్తాయి. గడువు చాలుతుంది. అయితే అప్రెంటిస్ శిక్షణ ఉద్యోగానికి హామీ కాదు. ఉద్యోగం రాకపోయినా నేర్చిన పని చేతిలో ఉంటుంది. మరమ్మతుల దుకాణం పెట్టుకోవచ్చు.

7.4 ఉద్యోగం వదలవచ్చా?
మహేంద్రసింగ్ ధోనీ 2001లో ఖరగ్‌పూర్‌లోనే టికెట్ కలెక్టర్‌గా చేరారు. కొన్నేళ్ళకు క్రికెట్ కోసం ఆ పని వదిలారు. 2004 డిసెంబరులో భారత జట్టులోకి వచ్చారు. 2005 ఏప్రిల్‌లో మన విశాఖపట్నంలో పాకిస్తాన్‌పై 148 పరుగులు చేశారు. ఒక్క విషయం గమనించండి. రైల్వేలో చేరకముందే ఆయన బీహార్ తరఫున రంజీ పోటీలు ఆడారు. అంటే ఇష్టంతోపాటు నేర్పుకు రుజువు కూడా ఉంది. మీరు కూడా ముందు రుజువు చూసుకోండి, తరువాతే చేతిలోని పని వదలండి.

7.5 మీరు చేయండి
1. పై నాలుగు ప్రశ్నలకు నోటుబుక్కులో జవాబులు రాయండి.
2. మీ నేర్పు గురించి మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరిని అడగండి. వారి మాట, మీ మాట ఎక్కడ కలవలేదు?
3. ఒక సంవత్సరంలో చేయవలసిన పని ఒకటి, ఐదేళ్ళలో చేరవలసిన చోటు ఒకటి రాయండి.

7.6 సారాంశం
ఇతరుల కోరిక మనకు లక్ష్యం కావాలంటే అది మన ఇష్టానికి, నేర్పుకు, ఆరోగ్యానికి, ఇంటి పరిస్థితికి సరిపోవాలి. సరిపోనప్పుడు ఆ మాట పెద్దలకు మర్యాదగా, కారణాలతో చెప్పండి. దానికి బదులు ఏమి చేయబోతున్నారో కూడా చెప్పండి.