కంప్యూటర్ వద్ద వింత వాసన: మూలాన్ని కనుగొనే విధానం

ఇంట్లో కంప్యూటర్ నడుస్తున్న వేళ గదిలో కొత్త వాసన ఏదైనా సోకితే, ఇంటివారి అనుమానం మొదట వంటింటి మీదికి, తరువాత మురుగు కాలువ మీదికి పోతుంది. కంప్యూటర్ వంతు చివరకు వస్తుంది. ఈ క్రమం తలకిందులు కావలెను. తీగల పైతొడుగు, స్విచ్చుబోర్డు, లోపలి సర్క్యూట్ పలక, ఇవన్నీ ప్లాస్టిక్‌తోను రసాయనపు జిగుర్లతోను తయారైనవి. అవి మితిమీరి వేడెక్కినప్పుడు చాలాసార్లు పొగ కంటికి కనిపించకముందే వాసన వెలువడుతుంది. పిల్లల పడక పక్కనే కంప్యూటర్ బల్ల ఉండే ఒంటిగది ఇండ్లలో ఆ కొద్దిపాటి వ్యవధి ఎంతో విలువైనది.

కనుక వెతుకులాట కంటే ముందు విద్యుత్తును ఆపివేయవలెను. పరికరం నడుస్తుండగా దగ్గరకు వంగి వాసన చూడరాదు. గోడ మీది స్విచ్చు వద్దనే వాసన ఉన్నట్లు తోస్తే, దానిని తాకక ఇంటి మెయిన్ స్విచ్చును దించవలెను. కిటికీలు తెరవవలెను. మనిషి ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాలలో అలవాటు పడిపోతుంది. గదిలో కూర్చున్నవారికి వాసన తగ్గినట్లు అనిపించినంత మాత్రాన అది తగ్గినట్లు కాదు. కాసేపు బయట తిరిగి వచ్చిన వ్యక్తిని అడిగితే సరియైన సమాధానం లభిస్తుంది.

కరెంటు ఆగిన తరువాత కూడా వేడెక్కిన చోట వాసన కొంతసేపు నిలిచి ఉంటుంది. వెతకడానికి అదే అనువైన సమయం. గోడ సాకెట్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, యు.పి.ఎస్., మానిటర్, చివరకు కంప్యూటర్ పెట్టె, ఈ వరుసలో బయటి నుండి లోపలికి పోవలెను. మూలం కంప్యూటర్‌లో గాక దానికి కరెంటు అందించే ప్లగ్గులో ఉండడం అరుదేమీ కాదు. ప్లగ్గు కడ్డీలు నల్లబారినా, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ ఏర్పడినా, తెల్లని ప్లాస్టిక్ పసుపు తిరిగి వంకరపోయినా కారణం అక్కడే ఉన్నదని భావించవచ్చు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ‘ఎం.సి.బి. పడిపోలేదు కదా, ప్రమాదం ఏమున్నది?’ అని పలువురు అనుకొంటారు. ఎం.సి.బి. తన హద్దుకు మించిన కరెంటు ప్రవహించినప్పుడు పడిపోతుంది. వదులైన సాకెట్‌లో ప్రవహించేది మామూలు కరెంటే. అయితే లోహాలు సరిగా ఆనని ఆ ఒక్క బిందువు వద్ద నిరోధం పెరిగి వేడి పుడుతుంది. దానిని ఎం.సి.బి. గుర్తించలేదు, అక్కడ ముక్కే కాపలాదారు. సామాన్యమైన గృహ కంప్యూటర్ ఒకటి రెండు ఆంపియర్లకు మించి తీసుకోదు. నాందేడ్ ఎండాకాలంలో అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కూలర్‌ను, ఇస్త్రీపెట్టెను కూడా తగిలిస్తే వదులు సాకెట్ ఎంతకాలం ఓర్చుకొంటుంది?

వాసనకు పేరు పెట్టగలిగితే మూలం సగం దొరికినట్లే. ఈ విషయంలో తెలుగు సంపన్నమైన భాష: మాడు, కమురు, నీచు, కుళ్ళు అని వేటికవే మాటలున్నవి. కమురు వాసన వస్తే తీగ తొడుగునో, ఫ్యాన్ మోటారునో అనుమానించవలెను. నీచు వాసనను మాత్రం ఎవరూ విద్యుత్తుతో ముడిపెట్టరు; ఎవరో చేపలు వండుతున్నారనుకొంటారు. నిజానికి సాకెట్లలోను స్విచ్చులలోను వాడే కొన్ని రకాల ప్లాస్టిక్‌లు వేడెక్కితే అచ్చం చేపల వాసనే వస్తుంది. శాకాహారుల ఇంట్లో స్విచ్చుబోర్డు వద్ద నీచు వాసన వచ్చినదంటే ఇక సందేహించనక్కరలేదు. కెపాసిటర్ నుండి ద్రవం కారినప్పుడు కూడా ఇటువంటి వాసన రావచ్చు. 1999 నుండి 2007 వరకు లోపభూయిష్టమైన ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా కంప్యూటర్లలో పాడైపోయినవి. సెకండ్‌హ్యాండ్‌లో చాలా పాత యంత్రం కొనేవారు మదర్‌బోర్డు మీద తల ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నవేమో దుకాణంలోనే చూపించుకోవలెను.

కుళ్ళిన గుడ్ల వాసన వస్తే యు.పి.ఎస్.ను గాని, ఇన్వర్టర్‌ను గాని చూడవలెను. వాటిలో ఉండేది సీసం, ఆమ్లం కలిసిన బ్యాటరీ. అది ముసలిదై హద్దుమీరి ఛార్జ్ అవుతూ వేడెక్కితే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. ఇది విషవాయువు, మోతాదు పెరిగినప్పుడు ముక్కు దానిని పసిగట్టే శక్తినే కోల్పోతుంది. దానితోపాటు వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకొంటుంది. అందువల్ల బ్యాటరీ పక్కనున్న స్విచ్చును గాక దూరంగా ఉన్న మెయిన్ స్విచ్చును దించి, తలుపులు తెరిచి, అందరూ బయటకు రావలెను. అగరువత్తి వెలిగించి ఆ వాసనను కప్పిపుచ్చడం అన్నిటికంటే ప్రమాదకరం. ల్యాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బి, తీయని రసాయనపు వాసన వస్తే అది లిథియం బ్యాటరీ దోషం. దానిని మరల ఛార్జ్ చేయరాదు, నొక్కరాదు, గుచ్చరాదు.

పెట్టె లోపలి సంగతులు కొంత తేలికైనవి. పేరుకొన్న దుమ్ము, దూది నూగు, వంట నూనె జిడ్డు వేడికి మాడవచ్చు. ఫ్యాన్‌లో బల్లి చిక్కి చనిపోయి ఉండవచ్చు. ప్లగ్గు పూర్తిగా తీసి, పక్క పలక విప్పి, మెత్తని కుంచెతో శుభ్రం చేసుకోవచ్చు. అయితే కరెంటు తీగ వచ్చి చేరే చిన్న లోహపు పెట్టెను, అనగా పవర్ సప్లైను, ఇంట్లో ఎవరూ విప్పరాదు. 230 వోల్టుల కరెంటు అందులో సుమారు 325 వోల్టులుగా నిలువ ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా షాక్ కొట్టవచ్చు.

మంట కనిపిస్తే నీళ్ళు చల్లక, వెంటనే బయటకు వచ్చి 101కి గాని 112కి గాని ఫోన్ చేయవలెను. మీటరు వద్ద వాసన వస్తే సీలును తాకక మహావితరణ్ వారి 1912కు తెలుపవలెను. మరాఠీలో ‘వాస్’ అంటే వాసనయే. ‘జళకా వాస్ యేతోయ్’ అంటే కాలిన వాసన వస్తున్నదని, ‘మాసళీసారఖా వాస్’ అంటే చేపల వంటి వాసన అని అర్థం. మెకానిక్‌తో ‘కంప్యూటర్ చెడిపోయింది’ అని మాత్రమే చెబితే అతడు దుకాణంలో మంచి సాకెట్‌కు తగిలించి, యంత్రం బాగున్నదని తిప్పి పంపవచ్చు. ఏ వాసన, స్విచ్చు వేసిన ఎంతసేపటికి, అదే బోర్డు మీద అప్పుడు ఇంకేమి నడుస్తున్నది, ఈ మూడూ చెప్పవలెను.