జన్యువు నోరు మూయించే మందుకు కాలేయమే మొదటి మజిలీ ఎందుకు?

రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఒక జన్యువు పంపే సందేశాన్ని అడ్డుకోగలదని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో చూపారు. 2006లో నోబెల్ అందుకున్నారు. ఈ కోవలో తొలి మందు పాటిసిరాన్‌కు అమెరికా ఆమోదం దక్కింది మాత్రం 2018లో. ఇరవై ఏళ్ల ఈ ఆలస్యానికి పెద్ద కారణం రవాణాయే. విడిగా రక్తంలోకి ఎక్కించిన ఆర్‌ఎన్‌ఏను ఎంజైములు ముక్కలు చేస్తాయి, మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. రుణావేశం వల్ల అది కణపొరనూ దాటలేదు. కొవ్వు నానోకణంలో పొదిగితే పరిస్థితి వేరు. రక్తంలోని అపోలిపోప్రొటీన్-ఇ దానికి అంటుకోగానే, కాలేయ కణం అదేదో కొలెస్ట్రాల్ మూట అనుకుని ఒక పొర సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచిలోని ఆమ్లత్వానికి కొవ్వు ధనావేశం పొంది, దాని పొరను ఛేదిస్తుంది. బయటపడేది సరుకులో కొద్ది భాగమే. పనికి అది చాలు.

పాటిసిరాన్ నరాల జబ్బుకు కదా, కాలేయం ఊసెందుకని అడగవచ్చు. ఆ నరాలను దెబ్బతీసే ట్రాన్స్‌థైరెటిన్ ప్రొటీన్ ప్రధానంగా తయారయ్యేది కాలేయంలోనే. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది: కాలేయ పార్ఫిరియాకు 2019లో ఆమోదం పొందిన గివోసిరాన్‌కు నానోకణమే అక్కర్లేదు, గాల్‌నాక్ అనే చక్కెర తోకతో చర్మం కింద సూదిగా ఇస్తారు. పొట్టి ఆర్‌ఎన్‌ఏల వరకు ఈ వాదన ఒప్పుకోవలసిందే. పొడవాటి సందేశవాహక ఆర్‌ఎన్‌ఏకు (ఎంఆర్‌ఎన్‌ఏ) మాత్రం ఆ తోక చాలదు. కోవిడ్‌కు ఫైజర్, మోడెర్నా టీకాలు కొవ్వు నానోకణాలనే వాడాయి. పాటిసిరాన్ వంటి మందులను జన్యు సవరణతో కలపకండి: ఇక్కడ ఆగేది సందేశం, డీఎన్‌ఏ మారదు.