ఎయిర్ లాంచర్ మీరే కట్టుకోండి: ప్రెషర్ పెంచకుండా పేపర్ రాకెట్ ఎత్తు పెంచడం ఎలా?

గాలి ఒత్తిడితో ఏదైనా ఎగరేసే ప్రాజెక్ట్ అనగానే చాలామంది అడిగేది ఒక్కటే: "బ్రో, బీబీ గన్ చేయొచ్చా?" నా సలహా మాత్రం పేపర్ రాకెట్ లాంచర్. ఇందులోనూ అదే చాంబర్, అదే వాల్వ్, అదే ఫిజిక్స్. పైగా కోడ్ రాసే పని ఉంటుంది, ఫోన్ స్లో మోషన్‌కి అసలైన పరీక్ష ఉంటుంది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాబట్టి ఈ రెండూ నాకు బాగా నచ్చిన విషయాలు.

బీబీ ఎందుకు వద్దు?

ముందు లెక్క చూద్దాం. ఎయిర్‌సాఫ్ట్‌లో వాడే మామూలు ప్లాస్టిక్ బీబీ వ్యాసం 6 మి.మీ., బరువు 0.20 గ్రాములు. అది సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి సరిగ్గా 1 జౌల్. మన పేపర్ రాకెట్ 15 గ్రాములు ఉండి సెకనుకు 20 మీటర్లతో వెళితే 3 జౌల్స్. అంటే రాకెట్‌కే ఎక్కువ శక్తి ఉంది! మరి బీబీ ఎందుకు ప్రమాదం? ఎందుకంటే ఆ 1 జౌల్ మొత్తం 28 చదరపు మి.మీ. మీద పడుతుంది. రాకెట్ ముక్కు వైశాల్యం 380 చ.మి.మీ. దాకా ఉంటుంది. చ.మి.మీ.కి పడే శక్తి బీబీలో నాలుగు రెట్లకు పైనే. ఆ వ్యాసం కంటిగుంటలోకి నేరుగా దూరేంత చిన్నది కూడా.

ఇంకో విషయం. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల్లో ఎయిర్ గన్‌ల ప్రస్తావన కూడా ఉంది. హాబీ కోసం ఆ తలనొప్పి మనకెందుకు? అలాగని రాకెట్ బొమ్మ కాదు. 3 జౌల్స్ ముఖానికి తగిలితే దెబ్బే. కాబట్టి సేఫ్టీ గ్లాసెస్ తప్పనిసరి. రాకెట్ ముక్కు గట్టి ప్లాస్టిక్‌తో కాకుండా స్పాంజితో చేయాలి.

ఏమేం కావాలి?

హార్డ్‌వేర్ షాపులో: 2 అంగుళాల జీఐ పైపు ముక్క, 30 సెం.మీ. పొడవు, రెండు వైపులా మరలు కట్ చేయించి. ఒక వైపు ఎండ్ క్యాప్, రెండో వైపు 2 అంగుళాల నుంచి అర అంగుళానికి రెడ్యూసర్, అర అంగుళం నిపుల్స్, టెఫ్లాన్ టేప్. పైన రాకెట్ తొడగడానికి 40 సెం.మీ. అర అంగుళం పీవీసీ పైపు.

టైర్ల షాపులో: నట్‌తో బిగించే లోహపు ట్యూబ్‌లెస్ వాల్వ్. ఎండ్ క్యాప్‌కి రంధ్రం చేసి దీన్ని బిగించాలి. డ్రిల్ లేకపోతే లేత్ షాపులో ఐదు నిమిషాల పని.

ఎలక్ట్రానిక్స్ షాపులో: 12 వోల్ట్ డీసీ, అర అంగుళం సోలెనాయిడ్ వాల్వ్, ఈఎస్‌పీ32 బోర్డు, లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్, 1ఎన్4007 డయోడ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక కీ స్విచ్, 12 వోల్ట్ బ్యాటరీ. వాషింగ్ మెషీన్‌లో ఉండే 230 వోల్ట్ వాల్వ్ చవగ్గా దొరికినా వద్దు. చేతిలో పట్టుకుని తిరిగే దాంట్లో ఇంటి కరెంట్ ఉండకూడదు.

ఇక్కడ అందరికీ వచ్చే డౌట్: చాంబర్ కూడా పీవీసీతోనే చేస్తే తేలిక కదా? చేయకండి. పీవీసీ పైపు మీద రాసి ఉండే ప్రెషర్ రేటింగ్ నీళ్ల కోసం. నీళ్లు దాదాపుగా కుదించుకోవు, పైపు పగిలినా ప్రెషర్ క్షణంలో పోతుంది. గాలి అలా కాదు, అది నొక్కిపెట్టిన స్ప్రింగ్. పీవీసీ పగిలితే పదునైన ముక్కలుగా ఎగురుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా దీని మీద 1988లోనే హెచ్చరిక ఇచ్చింది. లాంచ్ ట్యూబ్‌గా పీవీసీ వాడినా పర్లేదు. దాని పై కొన తెరిచే ఉంటుంది, గాలి నిల్వ ఉండదు.

చాంబర్ ఎంత పెద్దది ఉండాలి?

మనం తీసుకున్న పైపులో సుమారు 0.66 లీటర్ల గాలి పడుతుంది. 30 పీఎస్‌ఐ దగ్గర అందులో దాగి ఉండే శక్తి దాదాపు 57 జౌల్స్. ఒక కిలో బరువు ఆరు మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చేంత. అదే రెండు లీటర్ల చాంబర్ పెడితే 170 జౌల్స్ దాటుతుంది.

మరి పెద్ద చాంబర్‌తో ఎక్కువ ఎత్తు వస్తుందా? పెద్దగా రాదు. రాకెట్ 40 సెం.మీ. ట్యూబ్ దాటి బయటికొచ్చే లోపు గాలి అదనంగా నింపాల్సిన చోటు 0.14 లీటర్లు మాత్రమే. ట్యూబ్ లోపలి ఖాళీ కూడా కలిపి బాయిల్ సూత్రం వేసి చూడండి. వాల్వ్ క్షణంలో పూర్తిగా తెరుచుకుంటుంది అనుకుంటే, రాకెట్ వదిలేసే సమయానికి ఇంకా 20 పీఎస్‌ఐ మిగిలే ఉంటుంది! అంటే ప్రెషర్ మన దగ్గర సరిపడా ఉంది. అది టైమ్‌కి రాకెట్‌ని చేరడమే సమస్య.

రాకెట్ ట్యూబ్ మీద ఉండే సమయం ఎంతో చూడండి. చివరి వేగం 20 మీ/సె అయితే 40 సెం.మీ. దాటడానికి సుమారు 40 మిల్లీసెకన్లు. చవక సోలెనాయిడ్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోవడానికే పదుల మిల్లీసెకన్లు పట్టొచ్చు. మన యాప్‌లో సర్వర్ ఫాస్ట్‌గా ఉండి నెట్‌వర్క్ స్లోగా ఉంటే సర్వర్‌కి ర్యామ్ పెంచి లాభం ఏముంటుంది? ఇదీ అంతే. మార్చాల్సింది ప్రెషర్‌ని కాదు.

కంట్రోలర్ పార్ట్

ఈఎస్‌పీ32ని సొంత వైఫై హాట్‌స్పాట్‌గా పెట్టి, ఒక చిన్న వెబ్ పేజీ ఇచ్చాను. ఫోన్‌లో బటన్ నొక్కితే 5 సెకన్ల కౌంట్‌డౌన్, తర్వాత మాస్‌ఫెట్ 200 మిల్లీసెకన్లు ఆన్. అంతే కోడ్.

కానీ మూడు విషయాలు మర్చిపోవద్దు. ఒకటి, జీపీఐఓ 0, 2, 12, 15 పిన్‌లు బూట్ అయ్యేటప్పుడు వేరే పనికి వాడతారు. వాటికి వాల్వ్ కలిపితే బోర్డు ఆన్ చేయగానే రాకెట్ లేచిపోవచ్చు. నేను 26 వాడాను. మాస్‌ఫెట్ గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే కోడ్ మొదలయ్యే దాకా గేట్ ఆఫ్‌లోనే ఉంటుంది. రెండు, వాల్వ్ కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉండాలి. లేకపోతే ఆఫ్ చేసినప్పుడు వచ్చే వోల్టేజ్ స్పైక్ మాస్‌ఫెట్‌ని తినేస్తుంది. మూడు, 12 వోల్ట్ లైన్‌లో కీ స్విచ్. తాళం చెవి మీ జేబులో ఉన్నంత సేపూ కోడ్‌లో ఎన్ని బగ్స్ ఉన్నా వాల్వ్ తెరుచుకోదు. సేఫ్టీని సాఫ్ట్‌వేర్ ఒక్కదానికే వదిలేయకూడదని నా ఉద్దేశం.

మొదటిసారి టెస్ట్

గాలి నింపే ముందు చాంబర్ నిండా నీళ్లు పోసి, గాలి బుడగ లేకుండా చూసి, 60 పీఎస్‌ఐ వరకు పంప్ చేయండి. మనం వాడేదానికి ఇది రెట్టింపు. ఎక్కడైనా లీక్ ఉంటే నీళ్లు కారతాయి, పేలుడు ఉండదు. తర్వాత నీళ్లు తీసేసి ఆరబెట్టండి. గాలి నింపడానికి ఆటో కటాఫ్ ఉన్న పోర్టబుల్ టైర్ ఇన్‌ఫ్లేటర్ అయితే బెస్ట్. 30 సెట్ చేస్తే దానంతట అదే ఆగుతుంది.

ఫోన్‌తో కొలవడం

ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, లాంచ్ ట్యూబ్ వెనక 1 మీటర్ స్కేల్ గుర్తు పెట్టి, 240 ఎఫ్‌పీఎస్‌లో తీయండి. రాకెట్ ఆ మీటర్ దాటడానికి 12 ఫ్రేములు పడితే 0.05 సెకన్లు, అంటే 20 మీ/సె. ఒక ఫ్రేమ్ అటూఇటూ అయితే సమాధానం 18.5 నుంచి 21.8 మధ్య ఉంటుంది. కాబట్టి ఒక్క లాంచ్ చూసి ఏమీ తేల్చకండి, ఐదింటి సగటు తీయండి.

ఫోన్ చెప్పే 240 నిజమేనా? ఈఎస్‌పీ32కి ఒక ఎల్‌ఈడీ కలిపి, 50 మిల్లీసెకన్లు ఆన్, 50 ఆఫ్ అయ్యేలా రాసి దాన్నీ ఫ్రేమ్‌లో ఉంచండి. ఒక్కో ఆన్‌కి 12 ఫ్రేములు రావాలి. 960 ఎఫ్‌పీఎస్ అని రాసే కొన్ని ఫోన్లు మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తాయి. అలాంటప్పుడు ఎల్‌ఈడీ ఆన్ నుంచి ఆఫ్‌కి మారే చోట సగం వెలుగు ఉన్న ఫ్రేములు వరసగా కనిపించవచ్చు. ఆ మోడ్‌ని కొలతలకు నమ్మొద్దు.

ఎత్తు కోసం ఇంకో సులువు: లేచినప్పటి నుంచి నేలను తాకే దాకా ఎన్ని సెకన్లో చూసి, దాని వర్గాన్ని 1.225తో గుణించండి. 4 సెకన్లు అయితే 19.6 మీటర్లు. గాలి నిరోధం వల్ల ఇది కచ్చితమైన ఎత్తు కాదు, కానీ రెండు డిజైన్లను పోల్చడానికి చాలు.

ఇక కస్టమైజ్ చేద్దాం

30 పీఎస్‌ఐ మార్చకుండా ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

ముందు ఫిట్టింగ్. పైపుకి ఒక పేపర్ చుట్టి, దాని మీద ఏ4 షీట్‌ని గట్టిగా చుట్టి టేప్ వేయండి. తర్వాత లోపలి పేపర్ తీసేస్తే రాకెట్ వదులుగా కాకుండా, బిగుసుకోకుండా జారుతుంది. ఎక్కువ వదులైతే గాలంతా పక్క నుంచి పోతుంది. తర్వాత వాల్వ్ నుంచి ట్యూబ్ దాకా దారి. వంపులు, సన్నని జాయింట్లు తగ్గించండి. ఆ తర్వాత బరువు. 80 జీఎస్‌ఎం ఏ4 షీట్ ఒకటి 5 గ్రాములు. మరీ తేలికైతే గాలి నిరోధానికి త్వరగా ఆగిపోతుంది, మరీ బరువైతే వేగమే రాదు. స్పాంజి ముక్కు వెనక కొంచెం క్లే పెట్టి చూడండి. ముందు భాగం బరువుగా ఉంటేనే రాకెట్ నిటారుగా వెళుతుంది. చివరగా రెక్కలు: మూడు చాలు, ఒకే సైజులో, వంకర లేకుండా.

ఎగరేసేది ఖాళీ మైదానంలో, కరెంటు తీగలకు దూరంగా. తీగల్లో చిక్కిన రాకెట్‌ని కర్రతో లాగొద్దు, అది పది రూపాయల పేపర్. ప్రెషర్ ఉన్నంత సేపూ ట్యూబ్ మీదకి ఎవరూ వంగకూడదు. ట్యూబ్‌లో రాకెట్ తప్ప గోలీ, రాయి, బ్యాటరీ, ఏదీ వేయకండి.

మీ దగ్గరున్న ఫోన్‌తో ఎల్‌ఈడీ టెస్ట్ మాత్రం ఈ రోజే చేయొచ్చు, దానికి లాంచర్ కూడా అక్కర్లేదు. 12 ఫ్రేములు వచ్చాయా లేదా లెక్కపెట్టి చూడండి.